పాత ఆల్‌వీల్ డ్రైవ్ కారులో లోపం ఎక్కడ మొదలైంది?

పదిహేనేళ్లు నడిచిన ఆల్‌వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే) కారు వెనక నుంచి హోరు మొదలైతే ఎక్కువగా వినిపించే తీర్పు ఒకటే: డిఫరెన్షియల్ (శక్తిని రెండు వైపులకూ పంచుతూ, వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) పోయింది, మార్చేయాలి. మార్చాక హోరు అలాగే ఉండిపోవచ్చు. తగ్గినా, కొత్తగా వేసిన డిఫరెన్షియలే కొన్నాళ్లకు మళ్లీ అరవొచ్చు. పనివాడికి చేతకాలేదనో, సరుకు నాసిరకమనో సరిపెట్టుకుంటారు. చాలాసార్లు అసలు కారణం ఆ రెండూ కావు. ఈ కార్లలో విరిగే భాగం ఒకటైతే, దాన్ని విరగ్గొట్టేది మరొకటి. మొదటిదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ముందు చక్రాలతో మాత్రమే నడిచే కారులో ఇంజిన్ శక్తి ఒకే దారిన పోతుంది: గేర్‌బాక్స్, యాక్సిల్, టైరు, రోడ్డు. అక్కడితో సరి. ఆల్‌వీల్ డ్రైవ్‌లో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య రెండు లంకెలుంటాయి. ఒకటి కారు కింద పొడుగునా సాగే ప్రొపెల్లర్ షాఫ్ట్, రెండోది రోడ్డే. టైర్లు నేలను పట్టుకుని ఉన్నంతసేపూ ఏ చక్రం ఎన్ని చుట్లు తిరగాలో రోడ్డు నిర్ణయిస్తుంది. షాఫ్ట్ లెక్క దానితో కలవకపోతే ఆ తేడాను ఏదో ఒక భాగం మింగాలి. రెండు యాక్సిళ్ల నడుమ సెంటర్ డిఫరెన్షియలో, విస్కస్ కప్లింగో, క్లచ్ ప్లేట్లో ఉండేది అందుకే. అవి మింగలేని రోజున టైరు జారాలి. కానీ పొడి తారు మీద టైరు అంత తేలిగ్గా జారదు. దాంతో షాఫ్టులు, గేర్లు మెలిపడి బిగుసుకుంటాయి. ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దులు చెరో వేగంతో నడిస్తే తప్పు ఏ ఎద్దుదైనా ముందు ఒరుసుకుపోయేది మెడలే. ఇక్కడా తప్పు చేసిన చోటు కాకుండా ఓర్చుకోలేని చోటు ముందు పోతుంది.

కాబట్టి పరీక్ష నేల దగ్గర మొదలై పైకి పోవాలి. ముందు టైర్లు, తర్వాత ఆయిల్, ఆ తర్వాత తిరిగే భాగాల ప్లే (అరుగుదలతో వచ్చే వదులు), సెన్సర్లు. గేర్ల పెట్టె విప్పడం అన్నిటికన్నా ఆఖరున. చాలా వర్క్‌షాపుల్లో ఈ వరుస తలకిందులుగా నడుస్తుంది. టైర్ల కొలత తీయడానికి పది నిమిషాలు చాలు, కానీ దానికి ఎవరూ కూలీ ఇవ్వరు.

కింద ఉన్నది ఏ రకం

ఆల్‌వీల్ డ్రైవ్ అనే ఒక్క పేరుతో పొంతన లేని యంత్రాలు అమ్ముడయ్యాయి. ఒకదానికి పనికొచ్చే పరీక్ష మరోదానికి పనికిరాదు. 1980లో వచ్చిన తొలి ఆడి క్వాట్రోలో సెంటర్ డిఫరెన్షియల్‌ను డ్రైవరే లోపలి నుంచి లాక్ చేయాలి. 1987 నుంచి ఆడి టోర్సెన్ రకం సెంటర్ డిఫరెన్షియల్ వైపు మళ్లింది. అందులో వర్మ్ గేర్లు ఏ ఎలక్ట్రానిక్స్ సాయం లేకుండానే టార్క్‌ను (తిప్పే బలాన్ని) పంచుతాయి. మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న చాలా సుబారుల్లో బెవెల్ గేర్ల సెంటర్ డిఫరెన్షియల్‌కు విస్కస్ కప్లింగ్ తోడుంటుంది. అదే కంపెనీ ఆటోమేటిక్ కార్లలో చాలావాటికి సెంటర్ డిఫరెన్షియలే లేదు. గేర్‌బాక్స్ తోకలో ఉన్న క్లచ్ ప్లేట్లు ఆయిల్ ఒత్తిడికి బిగిసి శక్తిని వెనక్కి పంపుతాయి. బయటి నుంచి చూస్తే రెండు కార్లూ ఒకటే. జబ్బులు మాత్రం వేరు.

1995లో వచ్చిన మొదటి హోండా సీఆర్-వీలో వెనక డిఫరెన్షియల్ దగ్గర రెండు పంపులు ఉంటాయి. ఒకదాన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పుతుంది, ఇంకొకదాన్ని వెనక చక్రాలు. ముందు చక్రాలు జారి రెండింటి వేగంలో తేడా వస్తే ఒత్తిడి పుట్టి క్లచ్ బిగుస్తుంది. 1998లో ఆడి టీటీతో వచ్చిన హాల్డెక్స్ కూడా వేగాల తేడాతో పనిచేసే క్లచ్చే, కాకపోతే దానిమీద కంప్యూటర్ అదుపు ఉంటుంది. బీఎమ్‌డబ్ల్యూ 2003 నుంచి వాడిన ఎక్స్‌డ్రైవ్‌లో ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు వెనకలకు పంచే పెట్టె) లోని క్లచ్‌ను చిన్న మోటారు బిగిస్తుంది.

విస్కస్ కప్లింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, పాత కార్లలో సగం రహస్యం అక్కడే ఉంటుంది. అది సీల్ చేసిన డబ్బా. లోపల చిల్లుల పలకలు ఒకటి విడిచి ఒకటి రెండు వేర్వేరు షాఫ్టులకు తగిలించి ఉంటాయి, మధ్యలో చిక్కటి సిలికాన్ ద్రవం. రెండు షాఫ్టుల వేగం సమానంగా ఉన్నప్పుడు ద్రవం ఊరుకుంటుంది. తేడా పెరిగేకొద్దీ పలకలు దాన్ని చీల్చుకుంటూ తిరగాలి. ఆ రాపిడికి ద్రవం వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఒక హద్దు దాటితే డబ్బా దాదాపు ఘనంగా బిగుసుకుంటుంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన ద్రవం క్రమంగా గట్టిపడుతుంది. అప్పటి నుంచి చిన్న తేడాను కూడా అది ఒప్పుకోదు. సీల్ కారితే కథ అడ్డం తిరుగుతుంది: పట్టు పోయి, కారు రెండు చక్రాలతో నడిచేదిగా మిగిలిపోతుంది. మొదటి రకం చావు ఖరీదైనది, ఎందుకంటే అది పక్కవాటిని కూడా తనతో తీసుకుపోతుంది.

టైర్ల లెక్క

205/55 ఆర్ 16 టైరును తీసుకుందాం. కొత్తదాని వ్యాసం సుమారు 632 మిల్లీమీటర్లు, చుట్టుకొలత సుమారు 1985. ముందు రెండు కొత్త టైర్లు, 8 మిల్లీమీటర్ల గాడి. వెనక రెండూ అరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చాయి. వెనక టైరు చుట్టుకొలత దాదాపు 31 మిల్లీమీటర్లు తగ్గిపోయింది. కిలోమీటరుకు ముందు చక్రం 504 చుట్లు తిరిగితే వెనక చక్రం 512 తిరగాలి. ఎనిమిది చుట్ల తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ప్రొపెల్లర్ షాఫ్ట్ చక్రం కన్నా దాదాపు నాలుగింతలు వేగంగా తిరుగుతుంది, కాబట్టి షాఫ్ట్ దగ్గర అది కిలోమీటరుకు 32 చుట్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 53 చుట్ల చొప్పున ఆ క్లచ్ ప్లేట్లు, అంటే మలుపుల్లో క్షణకాలం మాత్రమే జారాల్సినవి, తిన్నటి రోడ్డు మీద కూడా ఆగకుండా ఒరుసుకుంటూనే ఉంటాయి.

సుబారు నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య పావు అంగుళానికి, అంటే 6.4 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదంటుంది. గాడి లోతులో చెప్పాలంటే అది ఒక మిల్లీమీటరు అరుగుదల! పై ఉదాహరణలోని కారు ఆ హద్దుకు అయిదింతలు దూరంలో ఉంది. అలాంటి కార్లు రోడ్ల మీద లెక్కలేనన్ని తిరుగుతున్నాయి.

ఒక్క టైరు పంక్చరై దాన్ని మాత్రమే మారిస్తే సెంటర్ దగ్గర తేడా సగానికి తగ్గుతుంది, కానీ ఆ యాక్సిల్ డిఫరెన్షియల్‌లోని చిన్న గేర్లు విశ్రాంతి లేకుండా తిరగాల్సి వస్తుంది. అవి మలుపుల కోసం చేసినవి, హైవే కోసం కాదు. గాలి తక్కువైనా కొంత తేడా వస్తుంది గానీ, రేడియల్ టైర్లలో దాని ప్రభావం అరుగుదల అంత ఉండదు. కొలవడానికి సన్నని టేపు చాలు: టైరు నడిమి గాడి మీదుగా చుట్టూ తిప్పి కొలిచి, నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకోవాలి. సైడ్‌వాల్ మీద సైజు ఒకటే ఉంది కదా అని వదిలేయకూడదు. ఒకే సైజు ముద్రతో వచ్చే వేర్వేరు కంపెనీల టైర్ల చుట్టుకొలతలు కొత్తలోనే కలవవు.

పొడి నేల మీద నెమ్మదిగా

బిగింపు ఉందో లేదో తేల్చే పరీక్షకు పరికరాలేమీ అక్కర్లేదు. ఖాళీగా, సమంగా, పొడిగా ఉన్న తారు మైదానం కావాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, మనిషి నడక వేగంతో, యాక్సిలరేటర్ తాకీ తాకనట్టుగా చుట్లు కొట్టాలి. ఎందుకు పూర్తిగా తిప్పాలంటే, ముందు వెనక యాక్సిళ్ల దూరం 2.6 మీటర్లున్న కారులో వెనక యాక్సిల్ మధ్యభాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే ముందుది 5.64 మీటర్ల వ్యాసార్ధంతో తిరగాలి. అంటే ముందు చక్రాలు దాదాపు 13 శాతం ఎక్కువ దూరం పోవాలి. ఆరోగ్యంగా ఉన్న కారు ఈ తేడాను చప్పుడు లేకుండా మింగేస్తుంది. బిగిసిన కారు హ్యాండ్‌బ్రేక్ వేసినట్టు ఈడుస్తుంది, ఎగిరెగిరి పడుతుంది, టైర్లు కీచుమంటాయి, క్లచ్ తొక్కగానే ఒక్కసారి వెనక్కి ఊగి ఆగుతుంది.

తడి నేల మీద, కంకర మీద ఈ లక్షణాలు మాయమైపోతాయి, ఎందుకంటే అక్కడ జారిపోయే పని టైరే చేసిపెడుతుంది. వర్షం రోజున టెస్ట్ డ్రైవ్ చేసి కారు భేషుగ్గా ఉందని కొన్నవాళ్లకు ఈ సంగతి ఎండ కాశాక తెలుస్తుంది. ఇంకో షరతు వేడి. చల్లటి ఇంజిన్‌తో అప్పుడే గేటు దాటిన కారు ఏ ఇబ్బందీ చూపకపోవచ్చు. అరగంట నడిపి ఆయిల్, కప్లింగ్ వేడెక్కాకే అసలు రంగు బయటపడుతుంది. చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడెక్కాక ఒకసారి చేసి రెంటినీ పోల్చాలి.

ఫలితాన్ని చదవడంలోనూ రకం చూసుకోవాలి. పాత సీఆర్-వీ మలుపుల్లో మూలిగిందంటే ముందు అనుమానించాల్సింది వెనక డిఫరెన్షియల్‌లోని ద్రవాన్నే. అది మామూలు గేర్ ఆయిల్ కాదు, రెండు పంపుల వ్యవస్థ కోసం హోండా ప్రత్యేకంగా ఇచ్చే ద్రవం. పాతబడితే క్లచ్ ప్లేట్లు పట్టి విడిచి, పట్టి విడిచి మూలుగుతాయి. మార్చి, ఎనిమిది అంకె ఆకారంలో కొన్ని చుట్లు కొడితే చాలా కార్లు ఊరుకుంటాయి. అదే ల్యాండ్ రోవర్ ఫ్రీలాండర్ తొలి తరంలో వచ్చిందంటే అంత చవగ్గా తేలదు.

1990ల నాటి ఆటోమేటిక్ సుబారుల్లో తయారీదారే ఒక చక్కటి సదుపాయం ఉంచాడు. బోనెట్ కింద ఎఫ్‌డబ్ల్యూడీ (ముందు చక్రాల డ్రైవ్) అని రాసిన ఖాళీ ఫ్యూజ్ స్థానం ఉంటుంది. అందులో ఫ్యూజ్ పెడితే కంట్రోల్ యూనిట్ వెనక క్లచ్ ఒత్తిడిని వదిలేయమని సోలినాయిడ్‌కు (కరెంటుతో పనిచేసే వాల్వుకు) ఆదేశిస్తుంది, డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది. ఫ్యూజ్ పెట్టగానే ఈడుపు పోయిందంటే ప్లేట్లు, సోలినాయిడ్ మాట వింటున్నట్టే. అప్పుడు చూపు టైర్ల మీదికి, సెన్సర్ల మీదికి, కంట్రోల్ మీదికి మళ్లాలి. ఫ్యూజ్ పెట్టినా ఈడుపు పోలేదంటే సోలినాయిడ్ పనిచేయడం లేదు, లేదా ప్లేట్లు తమ డ్రమ్ములో గాడులు పడి ఇరుక్కున్నాయి. ఆ తరం కార్లే ట్రాన్స్‌మిషన్ లోపాన్ని గుర్తు పెట్టుకుని, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఏటీ ఆయిల్ టెంప్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ వేడి) దీపాన్ని 16 సార్లు మినుకుమినుకుమనిపిస్తాయి. చూసి బల్బు తేడా అనుకునేవాళ్లే ఎక్కువ.

చప్పుడు చెప్పే సాక్ష్యం

చప్పుడును చెవితో కాక వేగంతో పట్టుకోవాలి. మొదటి ప్రశ్న: ఈ చప్పుడు ఇంజిన్ వేగాన్ని అనుసరిస్తోందా, కారు వేగాన్నా? వేగంగా పోతూ న్యూట్రల్‌లోకి వేస్తే ఇంజిన్ ఐడిల్‌కు పడిపోతుంది. చప్పుడు అలాగే ఉంటే అది చక్రాలతో తిరిగే భాగాలది. రెండో ప్రశ్న: యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ మారుతోందా? మారితే గేర్లు, ముఖ్యంగా డిఫరెన్షియల్‌లోని పెద్ద, చిన్న పళ్ల చక్రాలైన క్రౌన్, పినియన్. తొక్కినప్పుడు పళ్ల ఒక పక్క, వదిలినప్పుడు రెండో పక్క భారం మోస్తాయి. ఒక పక్క మాత్రమే అరిగి ఉంటే ఈలలాంటి కూత ఆ స్థితిలోనే వినబడుతుంది. మూడో ప్రశ్న: కారును మెల్లగా అటూ ఇటూ ఊపితే మారుతోందా? కుడికి తిప్పితే భారం ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు పెరిగిందంటే ఎడమ వీల్ బేరింగ్.

వెనక డిఫరెన్షియల్ మీద పడే నిందల్లో చాలావరకు నిజానికి వీల్ బేరింగ్‌వే. తర్వాతి వంతు రంపపు పళ్లలా అరిగిన టైర్లది. టైరు హోరు రోడ్డు ఉపరితలం మారగానే మారుతుంది, బేరింగ్ హోరు మారదు. కారు అడుగు రేకంతా డప్పులా మోగుతుంది కాబట్టి కూర్చున్నవాడి చెవికి దిక్కు తెలియదు. లిఫ్ట్ మీద మెకానిక్ స్టెతస్కోప్ పెట్టి వినడం, లేదా అనుమానం ఉన్న చోట్ల చిన్న మైకులు బిగించి రోడ్డు మీద నడుపుతూ ఒక్కోదాన్నీ వినడం, ఈ రెండే నమ్మదగినవి.

కంపనాన్ని లెక్కతోనే పట్టుకోవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ముందు లెక్కించిన టైరు సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. చక్రం బ్యాలెన్స్ తప్పినా, టైరు వంకర పోయినా కంపనం ఆ 14 దగ్గరే ఉంటుంది. స్టీరింగ్‌లో, సీటులో పెద్ద ఊపులా తెలుస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ సెకనుకు 56 సార్లు తిరుగుతుంది కాబట్టి దాని అసమతుల్యం సన్నటి జలదరింపులా పాదాలకు తగులుతుంది. షాఫ్ట్ కీలైన క్రాస్ జాయింట్ కోణం తప్పితే ఒక చుట్టుకు రెండుసార్లు, అంటే 112. యాక్సిల్ లోపలి కొసన ఉండే సీవీ జాయింట్ అనే కీలుకు మూడు రోలర్లుంటాయి కనుక చక్రం చుట్టుకు మూడు కుదుపులు, అవి కూడా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడే. ఫోన్‌లో కంపనం కొలిచే యాప్ పెట్టుకుని సీటు పట్టా మీద ఉంచితే ఈ అంకెల్లో ఏది పైకి లేస్తోందో కనబడుతుంది. నోటితో చెప్పే వర్ణన కన్నా ఆ ఒక్క అంకె మెకానిక్‌కు మేలు చేస్తుంది.

బయటి సీవీ జాయింట్ టకటక అందరికీ తెలిసిందే: స్టీరింగ్ తిప్పి శక్తినిస్తే కొట్టుకుంటుంది, బూట్ (రబ్బరు తొడుగు) చిరిగి గ్రీజు చుట్టూ చిమ్మి ఉంటుంది. గేర్ వేయగానే ధడ్‌మనే చప్పుడు మాత్రం మోసగత్తె. ఇంజిన్ మౌంట్లు, డిఫరెన్షియల్‌ను పట్టుకున్న రబ్బరు బుష్‌లు, క్రాస్ జాయింట్, యాక్సిల్ స్ప్లైన్‌లు (షాఫ్ట్ కొసన ఉండే నిలువు పళ్లు), ఆఖరున క్రౌన్ పినియన్ మధ్య ఖాళీ: ప్రతిదాని కొంచెం ప్లే కలిసి పెద్ద చప్పుడవుతుంది. క్రౌన్ పినియన్ మధ్య సరైన ఖాళీ మిల్లీమీటరులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా. షాఫ్ట్‌ను చేత్తో తిప్పితే వేళ్ల వెడల్పున ఆడుతోందంటే అదంతా క్రౌన్ పినియన్‌దే కాదు. ఒకరు తిప్పుతుండగా ఇంకొకరు కారు కింద ఏ జాయింట్‌కు అవతల కదలిక ఆలస్యమవుతోందో చూడాలి. రబ్బరు బుష్ చినిగి డిఫరెన్షియల్ మొత్తం ఊగుతుంటే, దాన్నే తీసి మార్చిన ఉదంతాలు తక్కువేం కాదు.

శబ్దం లేని చావు

అన్నిటికన్నా ఆలస్యంగా బయటపడే లోపం ఏ చప్పుడూ చేయదు. వెనక చక్రాలకు శక్తి అందడం మానేస్తుంది, కారు ముందు చక్రాలతో హాయిగా నడిచిపోతుంది. యజమానికి ఏళ్ల తరబడి తెలియదు. వోల్వో ఎక్స్‌సీ90 తొలి తరంలో గేర్‌బాక్స్‌కు, వెనక్కి శక్తిని మళ్లించే యాంగిల్ గేర్‌కు మధ్య ఒక చిన్న స్లీవ్ ఉంటుంది. దాని లోపలి స్ప్లైన్‌లు తుప్పు పట్టి, అరిగి, చివరికి నున్నగా అయిపోతాయి. పక్కనున్న ఖరీదైన గేర్లు బతికిపోయి, ఈ చిన్న స్లీవ్ బలైపోవడం ఒకరకంగా అదృష్టమే.

రోడ్డు మీద పోతున్నప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతోంది కదా అంటే అది రుజువు కాదు, వెనక చక్రాలే దాన్ని తిప్పుతుండవచ్చు. నాలుగు చక్రాలూ గాల్లో ఉన్నప్పుడు వెనకవి తిరిగినా రుజువు కాదు, క్లచ్ ప్లేట్ల మధ్య ఆయిల్ అంటుకునే పట్టుకే అవి తిరుగుతాయి. కానీ నాలుగూ గాల్లో ఉండి, గేరులో ముందు చక్రాలు తిరుగుతూ షాఫ్ట్ మాత్రం కదలకుండా నిలబడిందంటే అది గట్టి సాక్ష్యం. షాఫ్ట్ తిరుగుతూ వెనక చక్రాలు ఆగిపోతే లోపం కప్లింగ్‌లోనో దాని వెనకో ఉంది. ఇక్కడొక హెచ్చరిక తప్పనిసరి. రెండు చక్రాలు మాత్రమే పైకెత్తి ఇంజిన్‌తో తిప్పడం ప్రాణాంతకం, నేల మీదున్న రెండూ కారును స్టాండ్ల మీది నుంచి దూకిస్తాయి. అదే కారణంగా ఈ కార్లను రెండు చక్రాలు నేల మీద ఉంచి లాక్కుపోకూడదు, ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించాలి. టోయింగ్‌లో ఒకసారి కాలిన కప్లింగ్ ఆరు నెలల తర్వాత పోయినప్పుడు ఆ రోజు సంగతి ఎవరికీ గుర్తుండదు.

వ్యతిరేక ఉదాహరణా ఉంది. ఒక చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్ట్ విరిగినా పాత ఆల్‌వీల్ డ్రైవ్ కారు మిగిలిన యాక్సిళ్లతో ఇంటికి చేరుకోగలదు. ఓపెన్ సెంటర్ డిఫరెన్షియల్ (లాక్, కప్లింగ్ ఏదీ తోడు లేనిది) ఉన్నదైతే కదలదు, శక్తంతా విరిగిన వైపే పారిపోతుంది. ఇంజిన్ అరుస్తోంది, స్పీడోమీటర్ ముల్లు లేస్తోంది, కారు మాత్రం అంగుళం కదలదు అంటే గేర్‌బాక్స్ పోయిందని దించేసే ముందు నాలుగు యాక్సిళ్లూ చేత్తో తిప్పి చూడాలి.

2000 తర్వాతి కార్లలో ఈ మౌనానికి ఎలక్ట్రానిక్స్ ఇంకో కారణం. కప్లింగ్ ఎప్పుడు బిగియాలో కంప్యూటర్ చెబుతుంది, కంప్యూటర్‌కు చెప్పేవి బ్రేకులు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వారి వీల్ సెన్సర్లు, అంటే ఒక్కో చక్రం మీది పళ్ల రింగ్‌ను చదివి వేగం తెలిపేవి. తుప్పు ఉబ్బి ఒక చక్రం రింగ్ పగిలితే ఏబీఎస్, ట్రాక్షన్, ఫోర్‌వీల్ దీపాలు కలిసి వెలుగుతాయి, కప్లింగ్ పని మానేస్తుంది. చవక స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చదువుతాయి కాబట్టి అవి అంతా బాగుందంటాయి. చాసిస్ కోడ్‌లు చదివే స్కానర్ దొరికితే కోడ్‌ల కన్నా ముందు నాలుగు చక్రాల వేగాలను తెర మీద పెట్టుకుని తిన్నటి రోడ్డు మీద 50 కిలోమీటర్ల నిలకడ వేగంతో నడపాలి. ఒక అంకె ఉండుండి సున్నాకు పడిపోతే సెన్సర్ లేదా రింగ్. ఒక అంకె ఎప్పుడూ కొంచెం ఎక్కువే చూపిస్తుంటే ఆ టైరు చిన్నది. టేపుతో కొలిచిన కాగితానికి ఇక్కడ రెండో సాక్షి దొరుకుతుంది. బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్3 తొలి తరంలోనైతే క్లచ్ బిగించే మోటారులోని ప్లాస్టిక్ గేరు పళ్లు అరగడం పేరుపడ్డ జబ్బు. అక్కడ కూడా మోటారు మార్చేముందు, ముందు వెనక టైర్ల చుట్టుకొలత కలుస్తోందా, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ ఎప్పుడైనా మార్చారా అని చూడాలి. ఆ మోటారు రోజంతా ఎందుకు అంతలా పనిచేయాల్సి వచ్చిందన్నది అసలు విషయం.

ఆయిల్, అయస్కాంతం

జీవితకాలం మార్చక్కర్లేదని రాసిన ఆయిల్ విషయంలో ఎవరి జీవితకాలమో అడగాలి. కారు మొదటి యజమానిదైతే ఆ మాట నిజమే. డ్రెయిన్ ప్లగ్ మీది అయస్కాంతాన్ని వేళ్లతో తుడిచి చూస్తే చాలా తెలుస్తుంది. కాటుకలాంటి మెత్తటి ముద్ద మామూలు అరుగుదల. మెరిసే రేకులు, సూదుల్లాంటి తునకలు బేరింగ్ ఉపరితలమో, పళ్ల పైపొరో ఊడుతున్నాయనడానికి గుర్తు. పన్ను ముక్క దొరికితే ఇక చర్చ లేదు. ప్లగ్ విప్పేముందు నింపే రంధ్రం బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవడం మంచిది. ఆయిల్ దించేశాక అది తుప్పుతో ఊడకపోతే కారు అక్కడే ఉండిపోతుంది.

లెవెల్ తగ్గి ఉంటే సీల్ చూస్తారు. సీల్‌తో పాటు పెట్టెలోని గాలిని బయటికి వదిలే బ్రీతర్ గొట్టం కూడా చూడాలి. బురదతో అది మూసుకుపోతే వేడెక్కిన పెట్టె లోపలి ఒత్తిడి ఆయిల్‌ను సీళ్లలోంచి నెడుతుంది. సీల్ మార్చి బ్రీతర్‌ను వదిలేస్తే కొత్త సీల్ కూడా కారుతుంది. ఏ గదిలో ఏ ఆయిల్ అన్నదీ తేలిక విషయం కాదు. మాన్యువల్ సుబారులో గేర్‌బాక్స్, ముందు డిఫరెన్షియల్ ఒకే ఆయిల్ పంచుకుంటాయి. అదే కారు ఆటోమేటిక్ అయితే ముందు డిఫరెన్షియల్‌కు వేరే గది, వేరే డిప్‌స్టిక్. వెనక్కి శక్తి పంపే క్లచ్ మాత్రం గేర్‌బాక్స్ ద్రవంలోనే మునిగి ఉంటుంది. గేర్‌బాక్స్ ద్రవం మాడిన వాసన వేస్తోందంటే తప్పు గేర్లదని కాదు, ఆ క్లచ్‌ది కావచ్చు, దాని వెనక టైర్లది కావచ్చు. హాల్డెక్స్‌లో క్లచ్ ప్లేట్ల నుంచి రాలిన రజను ఫిల్టర్‌ను, పంపు జల్లెడను పూడ్చేస్తుంది. పంపు ఊపిరాడక కాలిపోతుంది. కొత్త పంపు వేసి పాత ఆయిల్‌నే ఉంచితే దానికీ అదే గతి.

జంటగా పోయే భాగాలు

కారణం, ఫలితం విడివిడిగా కనిపించే ఉదాహరణ కావాలంటే 1997లో వచ్చిన ఫ్రీలాండర్‌ను చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ నడుమ విస్కస్ కప్లింగ్, గేర్‌బాక్స్ పక్కన శక్తిని వెనక్కి మళ్లించే గేర్ల పెట్టె. ముందు వెనక గేర్ నిష్పత్తులను కావాలనే కొద్ది తేడాతో పెట్టారు, కాబట్టి కప్లింగ్ ఎప్పుడూ కొంచెం జారుతూనే ఉండాలి. ద్రవం గట్టిపడి జారడం మానేసిన రోజు నుంచి ముందున్న పెట్టె, వెనక డిఫరెన్షియల్ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. శబ్దం పెట్టె నుంచి వస్తుంది, పళ్లు పెట్టెలోవి విరుగుతాయి, బిల్లు పెట్టె పేరుతో వస్తుంది. కప్లింగ్ చెక్కుచెదరనట్టే కనిపిస్తుంది. దాన్ని పరీక్షించే మార్గం తేలిక: హ్యాండ్‌బ్రేక్ వదిలి, గేర్ వేసి, నేల మీది చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి ఒక వెనక చక్రాన్ని పైకెత్తాలి. హబ్ నట్‌కు పొడుగాటి కడ్డీ తగిలించి చివర బరువు వేలాడదీయాలి. అది నెమ్మదిగా కిందికి దిగే సమయాన్ని బాగున్న కారుతో పోల్చాలి. చాలాసేపటికి గానీ దిగలేదంటే కప్లింగ్ గట్టిపడింది. కొత్త పెట్టెతో పాటు పాత కప్లింగ్‌ను ఉంచడం ఆ కారులో అందరికన్నా ఖరీదైన పొదుపు.

అనుమానాన్ని తేల్చుకోవడానికి ఒక భాగాన్ని తాత్కాలికంగా ఆటలోంచి తప్పించడం మంచి పద్ధతి. హాల్డెక్స్ కారులో దాని ఫ్యూజ్ తీస్తే కప్లింగ్ పట్టు వదులుతుంది. కప్లింగ్ ఉన్న కొన్ని కార్లలో షాఫ్ట్‌నే విప్పి కొంతదూరం నడిపి చూడొచ్చు. హోరు పోయిందా, ఈడుపు పోయిందా? పోతే లోపం షాఫ్ట్ నుంచి వెనకకు, లేదా బిగింపులో ఉంది. పోకపోతే వెనక డిఫరెన్షియల్‌ను అనవసరంగా విప్పక్కర్లేదు. ఓపెన్ సెంటర్ డిఫరెన్షియల్ ఉన్న కారులో షాఫ్ట్ తీస్తే కారు కదలదు. తోక సీల్ నుంచి ఆయిల్ కారిపోయే రకాలకు ముందు బిరడా సిద్ధం చేసుకోవాలి.

పాత కార్లకు కొత్త డిఫరెన్షియల్ దొరకడం అరుదు, పాతదే వెతికి వేస్తారు. ఇక్కడ నిష్పత్తి తప్పితే అంతకు ముందున్న లోపమే నయమనిపిస్తుంది. సుబారుల్లో 3.70, 3.90, 4.11, 4.44 నిష్పత్తులు చలామణిలో ఉన్నాయి, పెట్టెలు చూడటానికి ఒకేలా ఉంటాయి. 4.11 కారులో 4.44 వేస్తే ముందు వెనకల మధ్య 8 శాతం తేడా, అరిగిన టైర్ల ఉదాహరణకు అయిదింతలు. బిగించేముందు పినియన్ ఫ్లాంజ్ మీద సుద్దతో గీత పెట్టి, లిమిటెడ్ స్లిప్ (రెండు వైపుల వేగాల తేడాను అడ్డుకునే ఏర్పాటు) లేని రకమైతే ఒక వైపు యాక్సిల్‌ను కదలకుండా పట్టుకుని రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పితే ఫ్లాంజ్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. నాలుగుంపావు దగ్గర సందేహంగా ఆగితే పది రెట్లు, అంటే ఇరవై చుట్లు తిప్పి లెక్కపెట్టాలి: 41 వచ్చిందా, 44 వచ్చిందా అన్నది అప్పుడు స్పష్టంగా తేలుతుంది. అమర్చాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లకే ఆయిల్ దించి అయస్కాంతం మళ్లీ తుడిచి చూడాలి. పొడి మైదానంలో వేడి మీద చేసిన పరీక్షను కూడా అప్పుడే, అవే టైర్లతో, మరోసారి చేయాలి.